మన సంఘం 2024-25 వార్షిక నివేదిక: బడి పిల్లలు, తెలుగు చదువు, కథలు

అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం ఏడాదిలో జరిగిన పనిని కార్యదర్శి సభ్యుల ముందు చదివి వినిపించాలి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. ఈ ఏడాది నల్లగొండ జిల్లా దేవరకొండ చుట్టుపక్కల నాలుగు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాం. రెండు ఊరి బడులు, రెండు తండా బడులు. జూన్ 12న బడులు తెరిచింది మొదలు ఏప్రిల్‌లో ఎండాకాలం సెలవులిచ్చే దాకా శనివారం మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లు మనకు ఇచ్చారు. సిలబస్ నెత్తి మీద ఉండగా కూడా ఆ గంటన్నర విడిచిపెట్టిన నలుగురు హెడ్మాస్టర్లకు ముందుగా దండం పెడుతున్నాను.

మొదట మనం చేసిన పొరపాటు చెప్పాలి. సెప్టెంబరు 9, కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం నాడు పద్యాల పోటీ పెట్టాం. నాలుగో తరగతి పిల్లగాడొకడు వేమన పద్యాలు పది గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం, మొదటి బహుమతి ఇచ్చాం. తర్వాత అదే పద్యం ఉన్న పేజీ తీసి, "వినురవేమ అని ఎక్కడుందో చూపియ్యి బిడ్డా" అని అడిగాను. వాడు పేజీ వైపు చూడలేదు, నా ముఖం వైపు చూశాడు. పది పద్యాల్లో పదిసార్లు నోటితో పలికిన మాట అది. కాగితం మీద దాన్ని గుర్తుపట్టడం వాడికి ఎవరూ నేర్పలేదు. బహుమతి ఇచ్చిన మనమూ నేర్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి శనివారం నుంచి పద్ధతి మార్చాం. పద్యాన్ని మాత్రం వదల్లేదు, దాన్నే పట్టుకున్నాం. పిల్లకు నోట్లో ఉన్న పద్యం కంటే మంచి వాచకం దొరకదు. ప్రతి పాదంలో వచ్చే మాట ముందే తెలుసు, ఇక ఆ మాట కింద వేలు పెట్టడమే నేర్చుకోవాలి. పద్యాన్ని పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి, ఒక్కో మాట కింద వేలు జరుపుతూ చదివించాం. వేలు ముందుకు పోయి నోరు వెనకబడితే, లేదా నోరు ఉరికి వేలు ఆగిపోతే, మళ్లీ మొదటి నుంచి. దసరా సెలవుల నాటికి ఆ పిల్లగాడు మకుటం వెతకడమే కాదు, పాదం మధ్యలో ఏ మాట అడిగినా చూపిస్తున్నాడు.

రెండో సంగతి వత్తులు. పలక, బలపం, ఉడత వంటి మాటలు చదివే పిల్లలు వత్తు కనపడగానే ఆగిపోతారు. దానికి కారణం ఉంది. గ, డ, ప, వ లాంటి వాటి వత్తులు అక్షరం పోలికలోనే ఉంటాయి. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం రూపం మార్చుకుంటాయి. చూసిన పిల్లకు అవి కొత్త గుర్తుల్లా ఉంటాయి. మన సభ్యుల్లో ఉన్న రిటైర్డ్ తెలుగు పండితులు ఒకరు దీనికి దారి చూపారు. ఇంట్లో పిల్ల రోజంతా పిలిచే వరసల్లోనే ఆ వత్తులున్నాయి అన్నారు. అమ్మలో మ వత్తు, అన్నలో న వత్తు, అత్తలో త వత్తు, అయ్యలో య వత్తు. ఇల్లులో ల వత్తు, బర్రెలో ర వత్తు. ఈ ఆరు మాటల అట్టముక్కలు ఆయన స్వయంగా తన చేత్తో రాసి ఇచ్చారు. అమ్మ వచ్చిన పిల్లకు బొమ్మ, కొమ్మ, చెమ్మ తేలిగ్గా వచ్చాయి. నెలల తరబడి వత్తుల పట్టిక వల్లె వేయించినా రానిది మూడు శనివారాల్లో వచ్చింది. ఆయన పేరు ఇక్కడ రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. సంఘం మాత్రం మరిచిపోదు.

బర్రె అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. ఒక పుస్తకంలో గేదె బొమ్మ కింద "గేదె" అని ఉంటే, రెండో తరగతి పాప తడుముకోకుండా "బర్రె" అని చదివింది. మన వాలంటీరు ఒకరు తప్పని గద్దించారు. దాంతో ఆ పాప మళ్లీ నోరు తెరవలేదు. పాప బొమ్మను చదివింది, అక్షరాన్ని చదవలేదు. మనం గమనించాల్సింది అది. ఇంటి మాట తప్పేమీ కాదు. బొమ్మ మీద చెయ్యి పెట్టి మూసి, "ఇప్పుడు ఏమున్నది?" అని అడిగితే సరిపోయేది. వాలంటీర్లందరికీ ఇది మరోసారి విన్నవిస్తున్నాను: పిల్ల మాట సరిదిద్దే పని మనది కాదు, పిల్ల చూపును అక్షరం మీదికి తేవడమే మన పని.

తండా బడుల్లో ఇది ఇంకా కష్టం. అక్కడి పిల్లల ఇంటి భాష లంబాడీ. ఇంట్లో అమ్మ "యాడి", నీళ్లు "పాణి". ఆరేళ్ల బిడ్డ బడికొచ్చి తెలుగు మాట, తెలుగు అక్షరం రెండూ ఒకేసారి నేర్చుకోవాలి. పైగా 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం వచ్చింది కాబట్టి ఆ మూడో బరువు కూడా ఆ చిన్న సంచిలోనే. కథ చదివే ముందు ఆ కథను లంబాడీలో చెప్పించడం మొదలుపెట్టాక తేడా కనపడింది. చెప్పిన వాళ్లు పెద్ద తరగతుల ఆడపిల్లలే.

చిన్న తరగతుల చదువు కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ పథకం 2021 జులైలో మొదలైనప్పుడు మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టారు. మన రాష్ట్రంలో మరుసటి ఏడాది వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కూడా చదవడం, రాయడం, లెక్కల పునాది కోసమే. లక్ష్యం ఉండటం మంచిదే. అయితే "చెప్పుకుంటున్నారు" అనేది మనకు ఒక్క మాట, ఇంగ్లిషులో అది మూడు నాలుగు మాటలవుతుంది. గడియారం పట్టుకుని మాటలు లెక్కపెడితే తెలుగు పిల్ల ఊరికే వెనకబడ్డట్టు కనిపిస్తుంది. అందుకని మనం గడియారం తీసుకుపోలేదు. చదవడం అయ్యాక "నక్కకు ఎందుకు కోపమొచ్చింది?" అని అడిగాం. జవాబు చెప్పిన పిల్ల చదివినట్టే లెక్క.

ఇక హాజరు. పిల్లల హాజరు సంగతి అందరికీ తెలిసిందే. దసరా తర్వాత పత్తి ఏరే రోజులొస్తే పెద్ద పిల్లలు చేన్లకు పోతారు, కొన్ని కుటుంబాలు పిల్లలతో సహా హైదరాబాదు పనులకు పోతాయి. వాళ్ల మీద నాకు కోపం లేదు. నా బాధ మన వాళ్ల హాజరు గురించి. పోయిన సర్వసభ్య సమావేశంలో ఈ హాల్లోనే ఎందరో చేతులెత్తి "శనివారం మేం వస్తాం" అన్నారు. పేర్లు రిజిస్టరులో ఉన్నాయి. బతుకమ్మ పండుగ నాటికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. ఒక తండా బడికి వరుసగా మూడు శనివారాలు ఎవరూ పోలేదు. నాలుగో వారం నేను పోతే, పిల్లలు చాప పరుచుకుని వరుసగా కూర్చుని ఉన్నారు. "పోయిన వారం కూడా పరిచినం సార్" అన్నది ఒక పాప. రాలేకపోతే ముందు రోజు ఫోన్ చేయండి, ఇంకొకరిని పంపుకుంటాం. గ్రూపులో మెసేజీకి బొటనవేలు గుర్తు పెడితే ఆ చాప ముందు ఎవరూ కూర్చున్నట్టు కాదు.

అవ్వల కథల రోజు

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఇదొక్కటి చాలు. సంక్రాంతికి ఇళ్లకు పోయేటప్పుడు పిల్లలకు ఒక పని చెప్పాం. అవ్వనో తాతనో ఒక కథ అడిగి తెచ్చుకోవాలి. తెచ్చుకున్న కథను బడిలో రాయాలి. పాత క్యాలెండర్ల వెనక తెల్లవైపు మడిచి, దారంతో కుట్టి, పుస్తకాలు చేశాం. అక్షర దోషాలు టీచర్లు చూశారు. కానీ మాటలు మార్చొద్దని ముందే అనుకున్నాం. "వోయింది" అని అవ్వ అంటే "వోయింది" అనే ఉండాలి.

ఒక శనివారం ఊరి బడి ఆవరణలో వేపచెట్టు కింద జంపఖానాలు పరిచి, కథలు చెప్పిన అవ్వలనే పిలిచి, వాళ్ల ముందు పిల్లలతో చదివించాం. నాలుగో తరగతి పాప ఒకతె ఏడాదంతా అందరితో కలిసి పెదాలు కదిపేదే తప్ప ఒంటరిగా చదివింది లేదు. ఆ రోజు తన పుస్తకం తెరిచి, నక్క జొన్నచేన్ల పడ్డ కథ చదవడం మొదలుపెట్టింది. రెండు పేజీలయ్యాయో లేదో ముందు వరుసలో కూర్చున్న అవ్వ ఆపింది. "గట్ల గాదు బిడ్డా, నక్క ముందుగాల బాయికాడికి వోయింది, అటెన్క చేన్లకు" అంది. పాప ఒక్క క్షణం ఆగి, పెన్సిలు అడిగి, ఆ వాక్యం కొట్టేసి పైన రాసుకుని, మళ్లీ అక్కడి నుంచే చదివింది. ఆ పక్కన నిలబడి నేను చూశాను. చదవడం, రాయడం, దిద్దుకోవడం మూడూ ఒక్క నిమిషంలో ఆ పిల్ల చేసింది.

తండా నుంచి వచ్చిన పిల్లగాడొకడు తన కథను లంబాడీ మాటల్లోనే తెలుగు అక్షరాలతో రాసుకొచ్చాడు. మేం చెప్పింది కాదు, వాడికి తోచిందే. చదువుతుంటే వాళ్ల నానమ్మ లేచి దగ్గరికొచ్చి ఆ కాగితాన్ని చేత్తో తడిమింది. తన మాట కాగితం మీద ఉంటుందని ఆమెకు ఎవరూ అంతవరకు చూపించలేదు. ఆ పుస్తకాలన్నీ ఇవాళ వెనక బల్ల మీద పెట్టాం, పోయేముందు చూడండి. దయచేసి ఇంటికి తీసుకుపోవద్దు, పిల్లలకు తిరిగి ఇయ్యాలి.

ఇక గ్రంథాలయం సంగతి. 1931లో నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల రెండో ఆంధ్ర మహాసభ బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది మన దేవరకొండలోనే. నిజాం కాలంలో సర్కారు బడి ఉర్దూలో నడుస్తుంటే, తెలుగు చదువు కోసం గ్రంథాలయాలు పెట్టి, సభలు పెట్టి కొట్లాడిన నేల ఇది. 1922లోనే నీలగిరి పత్రిక నల్లగొండ నుంచి వచ్చింది. ఇట్లాంటి జిల్లాలో ఇవాళ ఒక గ్రంథాలయ గది తాళం తీయించడానికి నేను నాలుగు అర్జీలు పెట్టాను. కార్యాలయం పేరు చెప్పను. ఒకసారి సారు మీటింగులో ఉన్నారన్నారు, ఒకసారి ఫైలు పైకి పోయిందన్నారు, ఒకసారి ఆ అర్జీయే కనపడలేదన్నారు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. ఐదో అర్జీ ఈ సమావేశం తీర్మానంగా పోవాలని నా కోరిక.

పుస్తకాల దానం గురించి ఒక మాట. అడగ్గానే సంచులకొద్దీ ఇచ్చారు, సంతోషం. కానీ పాత పోటీ పరీక్షల గైడ్లు, మారిపోయిన ఇంటర్ పుస్తకాలు రెండో తరగతి పిల్లకు ఏం చేయను? పిల్లల పుస్తకమంటే పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరం, బొమ్మ. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల దగ్గర తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ముద్రించుకోవచ్చు కూడా. ఇచ్చేవాళ్లు అవి ఇవ్వండి.

జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు మీ అందరికీ పంచారు, ఆడిటు అయింది. మిగులు కొద్దిగా ఉంది, అప్పు లేదు. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్లు ఇవాళే కట్టి రశీదు తీసుకోగలరు.

కృతజ్ఞతలు చెప్పాల్సిన వాళ్లు చాలామంది. పుస్తకాల ట్రంకు పెట్టెను ఏడాదంతా కిరాయి తీసుకోకుండా మోసిన ఆటో తమ్ముడికి, కథల రోజున జంపఖానాలు ఊరికే ఇచ్చిన టెంట్‌హౌస్ అన్నకు, సగం ధరకే జిరాక్స్ తీసిచ్చిన దుకాణం వాళ్లకు, అవ్వలందరికీ చాయ్ పెట్టిచ్చిన మధ్యాహ్న భోజనం అక్కలకు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లోని తల్లులకు, పరీక్షలున్నా ఒక్క శనివారం మానని డిగ్రీ కాలేజీ ఆడపిల్లలు ముగ్గురికి, బాలవాచకాలు ఏరి సర్దిన మా అధ్యక్షుల గారి శ్రీమతికి, లంబాడీలో కథలు చెప్పిన పెద్ద తరగతుల పిల్లలకు. ఎవరినైనా మరిచిపోతే క్షమించండి.

వచ్చే ఏడాది కొత్త బడులు తీసుకోవద్దని కార్యవర్గం అనుకుంది. ఉన్న నాలుగు బడులకే ప్రతి వారం ఇద్దరు చొప్పున ఎనిమిది మంది కావాలి. ఇప్పటికి ఐదుగురు ఖాయం. పేరు రాసేవాళ్లు నెలకు ఎన్ని శనివారాలు రాగలరో పక్కనే రాయండి, ఒక్కటైనా పరవాలేదు. పుస్తకాల ఆటో శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బస్టాండు దగ్గర నుంచి బయలుదేరుతుంది, నలుగురు కూర్చునే చోటుంది.

ఇట్లు,
కార్యదర్శి