షుగర్ పుస్తకంలో ‘ఆ రోజు ఏమైంది’ అని ఒక గడి పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా అమ్మకి 68 ఏళ్లు, షుగర్ వచ్చి పదకొండేళ్లయింది. తన షుగర్ పుస్తకం చూస్తే పరగడుపున అన్నీ 120లు, 130లే, భలే కంట్రోల్లో ఉందే అనుకున్నాం, తీరా హెచ్‌బీఎవన్‌సీ అనే రక్తపరీక్ష చేయిస్తే 9.1 వచ్చింది, అంటే బాగా ఎక్కువ. ఆ టెస్టు రెండు మూడు నెలల సగటు చెప్పేస్తుంది కాబట్టి దాని దగ్గర దాపరికం కుదరదు. ఇంటికొచ్చి నిలదీస్తే 226 వచ్చినా 126 అని రాస్తోందంట. ఎందుకమ్మా అంటే "ఎక్కువ రాస్తే డాక్టరు గారు తిడతారు, నువ్వూ తిడతావు" అంది. నాకు నోట మాట రాలేదు, తిట్టేది నిజమే మరి.

ఫోన్లో యాప్ కూడా పెట్టి చూశా. 180 దాటగానే ఎర్రరంగు, ఏడుపు మొహం బొమ్మ, కింద ఇంగ్లీషులో ఏదో ముక్క. ఎక్కువొచ్చిందని ఆవిడకీ తెలుసు కదండీ, ఎందుకొచ్చిందో అడిగే నాథుడే లేడు అందులో. నాలుగు రోజులకే పక్కన పడేసింది.

చివరికి పనికొచ్చింది ఏంటంటే పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్. వచ్చిన నంబరు ఎంతైనా సరే ఉన్నదున్నట్టు ఆ తేదీ గడిలో వేసి పక్కన ఒక్క మాట రాయమన్నాను, నేను మాత్రం నోరెత్తనని ఒట్టు కూడా పెట్టాను. ‘పెళ్లి భోజనం’, ‘నిద్ర లేదు’, ‘మోకాలు నొప్పి, నడవలా’, ఓ రోజు ‘కోడలితో మాటామాటా’ అని కూడా ఉంది (మా ఆవిడ అది చూసి ఏమందో ఇక్కడ రాయను). నెలాఖరున పాల లెక్కతో పాటు అవీ చదువుకుని తనే పట్టుకుంది, స్వీటు తిన్న రోజులకంటే సీరియళ్లయ్యాక పదింటికి అన్నం తిన్న రోజులే ఎక్కువ, తెల్లారి పరగడుపున నంబరు పెరిగేది అప్పుడేనని. ఇప్పుడు ఎనిమిదికే తినేస్తోంది, ఎవరూ చెప్పకుండానే.

70 కంటే కిందకి పడిపోతే మాత్రం రాతలూ ఆలోచనలూ తర్వాత, ముందు పంచదార నోట్లో వేసుకోవాలి, అది కూడా ఆ క్యాలెండర్ మీదే పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే, ఇంతమందితో డాక్టర్లు కూర్చుని ఎందుకు పెరిగిందని మాట్లాడటం అయ్యే పనేనా? ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వచ్చి 30 దాటినవాళ్లకి బీపీ, షుగర్ చూస్తున్నారు, మంచిదే, కానీ ఆ వివరాలన్నీ ప్రభుత్వం యాప్‌లోకి వెళ్తాయి, మనిషి చేతిలో ఏం మిగులుతోంది? మందులతో పాటు తెలుగులో ఒక పుస్తకం ఇవ్వండి, నంబరు గడి చిన్నదైనా పర్లేదు, ‘ఆ రోజు ఏమైంది’ అనే గడి పెద్దదిగా పెట్టండి. చదువు రానివాళ్లకి అన్నం పళ్లెం, మంచం, చెప్పులు, మందుబిళ్ల బొమ్మలు వేస్తే టిక్కు పెట్టుకుంటారు. యాప్ చేసేవాళ్లు ఆ ఏడుపు మొహం తీసేసి నోటితో చెప్తే రికార్డయ్యేలా చేయండి. ఇంకోటి, ఆ పేజీ డాక్టరుకి చూపించాలా వద్దా అన్నది రాసుకున్న మనిషి ఇష్టం. లేకపోతే మళ్లీ 226లన్నీ 126లు అయిపోతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి