నాన్నగారికి, తుపాకి బరువు గురించి

క్రైస్ట్‌చర్చ్, న్యూజిలాండ్,
2025 జూలై 6, ఆదివారం.

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను, మీ కోడలు, పాప క్షేమం. మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను. పోయిన ఆదివారం ఫోనులో మీరు అడిగినదానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. "పోలీసు సర్వీసంతా నాలుగు కిలోల త్రీనాట్‌త్రీ తుపాకి భుజాన వేసుకుని తిరిగాం. మాకు బరువనిపించలేదు. నువ్వు వేటకు తేలిక తుపాకి కావాలని ఎక్కువ డబ్బు పోస్తానంటావేమిటి?" అన్నారు. వారమంతా ఆ మాటే మనసులో మెదులుతోంది. ఫోనులో తేలే విషయం కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను.

ముందు అమ్మకు ఒక మాట చెప్పండి. ఏప్రిల్‌లో వీడియోలో నా కనుబొమ మీద గాటు చూసి ఏమైందని అడిగితే అలమర తలుపు తగిలిందన్నాను. అది అబద్ధం. తుపాకి మీద గురిచూసే దుర్బిణి, అంటే స్కోప్, తగిలింది. ఎలా తగిలిందో కింద రాశాను, చదివి వినిపించండి.

ఈ దేశంలో వేట ఎందుకని మీరు అడగలేదు గానీ, అమ్మ మనసులో ఆ ప్రశ్న ఉందని నాకు తెలుసు. గబ్బిలాలు తప్ప పిల్లలకు పాలిచ్చే భూచర జంతువు ఈ నేలకు సొంతమైనది ఒక్కటీ లేదు. జింకలనూ కొండమేకలనూ బయటి నుంచి తెచ్చి వదిలారు. నేను వేటకు వెళ్లేది తార్ కోసం. అది హిమాలయాల కొండమేక, మన నీలగిరి తార్‌కు దూరపు చుట్టం. 1904లో ఇంగ్లండు నుంచి కానుకగా వస్తే మౌంట్ కుక్ దగ్గర వదిలారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది. ఇక్కడ దాన్ని తినే మృగం లేదు. మందలు పెరిగి, మంచుకొండల మీద తప్ప ఇంకెక్కడా మొలవని మొక్కలను వేళ్లదాకా మేసేస్తాయి. పదివేలకు మించనివ్వకూడదని 1993లో ప్రభుత్వమే హద్దు పెట్టింది. వేటగాళ్లు తగ్గించలేనివాటిని హెలికాప్టర్ల మీద నుంచి కాలుస్తారు, ఆ మాంసంలో ఎక్కువ భాగం కొండమీదే ఉండిపోతుంది. నేను కొట్టినది ఇంటికి తెస్తాను. అల్లం, వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు నూరి సన్నటి సెగ మీద మూడు గంటలు ఉడికిస్తే మేకమాంసానికి ఏ మాత్రం తీసిపోదు. అమ్మను ఒప్పించాలని రాయడం లేదు. ఆమె చేతి వంటలో మాంసం ఎన్నడూ లేదని నాకు తెలుసు.

ఇక బరువు సంగతి. మీరు తుపాకి మోసింది పరేడు మైదానంలో, బందోబస్తులో, ఏజెన్సీ దారుల్లో. ఇక్కడి కొండ వేరు. గాడ్లీ లోయలో నది ఒడ్డున గుడారం వేసుకుంటే, తార్‌లు ఏడెనిమిది వందల మీటర్ల పైన రాతి అంచుల్లో ఉంటాయి. కింద రాళ్ల మైదానం, దాని పైన మాటగౌరి అనే ముళ్లపొద (పేరు మన ఇంటి పిల్లదిలా ఉన్నా బట్టలను వదలదు), ఆ పైన ఒంటిని గుచ్చే గడ్డి, ఆ పైన మంచు. శీతకాలంలో ఒక చేతిలో మంచుగొడ్డలి ఉండాల్సిందే. వీపున ఇరవై కిలోల సంచి. అప్పుడు భుజం మీద ఒక కిలో తగ్గడమంటే సాయంత్రానికి ఇంకో గుట్ట ఎక్కి చూడగలగడం. నిన్నమొన్నటిదాకా నేనూ ఇంతవరకే ఆలోచించాను.

మీకు సంతోషం కలిగించే సంగతి ఒకటుంది. 1930ల నుంచి ఈ ప్రభుత్వం జీతమిచ్చి జింకలను కాల్పించింది. ఆ కూలివేటగాళ్ల చేతిలో ఉన్నది మీ త్రీనాట్‌త్రీయే. నాకు వేట నేర్పిన పెద్దాయనకు డెబ్బై దాటాయి. కుర్రతనంలో ఆయనా దానితోనే మొదలుపెట్టాడట. ముందువైపు చెక్కంతా కోసేసి, గొట్టం కురచ చేసి, అరకిలో పైగా తగ్గించుకునేవారట. తేలిక తుపాకి కోరిక కొత్తదేమీ కాదు, రంపంతో మొదలైంది. మా నాన్నగారు పోలీసు, త్రీనాట్‌త్రీ మోశారని చెప్పినప్పుడు ఆయన నాకు చేయి కలిపిన తీరు మీరు చూసి ఉండాల్సింది.

ఇప్పుడు ఆయన వాడేది ఫిన్లాండులో తయారయ్యే టిక్కా టీత్రీఎక్స్ లైట్. తూటాను లోపలికి తోసి మూసే బోల్టు పద్ధతి మీకు తెలిసినదే. మీదానిలో బోల్టు ముందుకు తోసి మూసేటప్పుడు స్ప్రింగు బిగుస్తుంది, దీనిలో పైకి ఎత్తేటప్పుడే బిగుస్తుంది. చెక్క బదులు గట్టి ప్లాస్టిక్. గొట్టం పెన్సిల్‌లా సన్నం. సుమారు రెండు కిలోల తొమ్మిదివందలు. ఎనిమిదేళ్లుగా వాడుతున్నాడు, వానలో మంచులో నానినా గురి మారలేదంటాడు. చెక్క తడికి ఉబ్బి గొట్టాన్ని పక్కకు నెడితే తూటా ఎక్కడికో పోయిన రోజులు ఆయనకు బాగా గుర్తు. అందుకే ప్లాస్టిక్ అందం చూడనంటాడు.

మా ఆఫీసు మిత్రుడిది ఇంకా తేలిక, రెండు కిలోల మూడువందలే. చిన్న స్కోప్ బిగించినా రెండున్నర పైచిలుకు. చేతిలోకి తీసుకుంటే బొమ్మ తుపాకి అనిపిస్తుంది. నాకు కావలసింది ఇదే అనుకున్నాను. అతను అప్పటికి నాలుగేళ్లుగా దాన్ని వాడుతున్నాడు. కొన్న మొదటి ఏడాది అమ్మేద్దామనుకున్నాడట. వంద మీటర్లలో వరసగా మూడు తూటాలు దగ్గరగా పడేవి, నాలుగోదీ ఐదోదీ దూరం జరిగేవి. సన్నటి గొట్టం తొందరగా వేడెక్కుతుంది. తుపాకిదే లోపమనుకుని స్కోప్ మార్చాడు, తూటాలు మార్చాడు. చివరికి పద్ధతి మార్చాడు. రోజూ పొద్దున చల్లటి గొట్టంతో ఒకే ఒక తూటా కాల్చి, పది రోజులు అదే కాగితం మీద కాల్చాడు. పది రంధ్రాలూ అరచేతిలో సగమంత చోట పడ్డాయి. వేటలో కాల్చేది చల్లటి గొట్టంతోనే కనుక ఆ లెక్కే అసలు లెక్క అంటాడు. అతని మాట నాకు నచ్చింది. నిజమైన అనుభవం అలా ఉంటుంది. కొన్న నెలలోపు పొగిడేవాళ్ల మాటలూ తిట్టేవాళ్ల మాటలూ నేనిప్పుడు పట్టించుకోవడం లేదు.

ఏప్రిల్‌లో అతని తుపాకి అడిగి తీసుకుని కాల్పుల సాధన చేసే రేంజ్‌కు వెళ్లాను. తూటా ముందుకు పోయే ఊపే తుపాకిని వెనక్కి తోస్తుంది. తూటా అదే అయినప్పుడు తుపాకి బరువు మూడోవంతు తగ్గితే వెనక్కి తన్నే శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. చదువుకున్నవాణ్ణే, లెక్క తెలుసు, భుజానికి తెలియదు. పైకి వాలుగా కాల్చడం సాధన చేస్తూ తల ముందుకు జరిపి, కన్ను స్కోప్‌కు మరీ దగ్గరగా పెట్టాను. తుపాకి మడమ భుజానికి ఆనిందో లేదో చూసుకోలేదు. కాల్చగానే స్కోప్ వెనక్కి వచ్చి కనుబొమను కొట్టింది, మూడు కుట్లు పడ్డాయి. గాయం పదిరోజుల్లో మానింది. మానకుండా మిగిలింది ఇంకొకటి. ట్రిగ్గర్ నొక్కే క్షణాన నాకు తెలియకుండానే కన్ను మూసుకోవడం, భుజం బిగుసుకోవడం మొదలైంది. ఆ సంగతి నేను గమనించలేదు.

జూన్ మొదట్లో ఇక్కడి రాజుగారి పుట్టినరోజు సెలవు కలిసొచ్చి, పెద్దాయనతో గాడ్లీ లోయకు వెళ్లాను. నా చేతిలో మళ్లీ ఆ తేలిక తుపాకే. ఎక్కేటప్పుడు దానిమీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. నాలుగు గంటల ఎక్కుడులో అది ఉన్నట్టే లేదు. సాయంత్రం రెండువందల ఇరవై మీటర్ల దూరంలో ఒక తార్ పక్కకు తిరిగి నిలబడింది. సంచి మీద తుపాకి ఆనించి పడుకున్నాను. నాలుగు కిలోల తుపాకి గుండెదడను తనలో ఇముడ్చుకుంటుందని మీకు వేరే చెప్పాలా? రెండున్నర కిలోలది ప్రతి దడకూ అదిరింది. గురి గుర్తు దాని భుజం మీద నుంచి పొట్ట దాకా ఊగుతోంది. ఆగి ఉండాల్సింది. కాల్చాను.

దెబ్బ వెనక పడింది. అది పడిపోలేదు, రాతి చీలికలోకి దిగిపోయింది. టార్చిలైటు వెలుగులో మూడు గంటలు నెత్తుటి చుక్కలు పట్టుకుని వెదికాం. పెద్దాయన ఒక్క మాట అనలేదు. దొరికినప్పుడు అది బతికే ఉంది. తలెత్తి మా వైపు చూసింది. ఆయనే దాని బాధ తీర్చాడు. నాన్నగారూ, ఆ మూడు గంటల సంగతి మీ కోడలికి కూడా పూర్తిగా చెప్పలేదు. బరువు తక్కువైతే నా కాళ్లకు సుఖం. ఆ సుఖానికి మూల్యం ఆ జంతువు చెల్లించింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన వివరంగా చెప్పాడు. తేలిక తుపాకి చెడ్డది కాదు, నా మిత్రుడు దానితో చక్కగా కొడతాడు. కానీ అతను ఏడాదంతా సాధన చేస్తాడు, ముందు భాగాన్ని ఎడమ చేత్తో నొక్కిపట్టే అలవాటు చేసుకున్నాడు. ట్రిగ్గర్ లాగడానికి పట్టే బలం తుపాకి బరువుకు దగ్గరవుతున్నకొద్దీ ఆ లాగడమే గురిని పక్కకు జరుపుతుంది. నెలకు ఒకసారి రేంజ్‌కు వెళ్లేవాడికి ఇంకాస్త బరువూ ఇంకాస్త చిన్న తూటా ఉండాలి.

అందుకని టిక్కాయే కొంటున్నాను, ఆరున్నర మిల్లీమీటర్ల క్రీడ్‌మోర్ అనే తూటాది. 2007లో వచ్చిన తూటా, మీ త్రీనాట్‌త్రీ కన్నా తన్ను కాస్త తక్కువ. మా రేంజ్‌లో ఒక నర్సమ్మ ఆరేళ్లుగా అదే వాడుతున్నారు, ఆమె గురి మాలో ఎవరికీ లేదు. గొట్టం చివర శబ్దం తగ్గించే సప్రెసర్ బిగిస్తారు. ఇక్కడ అది చట్టబద్ధం, మామూలు. చెవులను కాపాడుతుంది, తన్ను తగ్గిస్తుంది, మూతి దగ్గర కాస్త బరువు చేర్చి ఊగిసలాట కూడా తగ్గిస్తుంది. నిన్న దుకాణంలో స్కోప్‌తో, సప్రెసర్‌తో కలిపి తూచమన్నాను. మూడు కిలోల ఏడువందలు. మీదానికన్నా ఇంచుమించు మూడువందల గ్రాములే తక్కువ. ఏడాది వెదికి మీరు మోసిన బరువు దగ్గరికే వచ్చి నిలిచాను.

భద్రత గురించి అమ్మ బెంగపెట్టుకోవద్దని చెప్పండి. లైసెన్సు ఇచ్చే ముందు పరీక్ష పెట్టారు, ఇల్లు చూశారు, మీ కోడలితో విడిగా మాట్లాడారు. తుపాకి ఇనుప బీరువాలో తాళంలో ఉంటుంది, బోల్టు వేరేచోట, తూటాలు వేరేచోట. పాపకు తాళంచెవి ఉన్న చోటు తెలియదు. 2023 నుంచి ఇక్కడ తుపాకుల వివరాలు ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయించాలి, ఇది కూడా చేయిస్తాను.

ఇప్పుడు నాకు మీతో పని పడింది. మన హాల్లో మీ ఫోటో ఒకటి ఉండేది, ఫైరింగ్ రేంజ్‌లో బోర్లా పడుకుని, తుపాకి పట్టీని, అంటే స్లింగ్‌ను, ఎడమ చేతికి మెలిపెట్టి గురి చూస్తున్నది. ఆ మెలిక మోచేతికి పైన వేసేవారా, కింద వేసేవారా? మోచేయి సరిగ్గా తుపాకి కింద ఉండాలా, కాస్త పక్కకా? పెద్దాయనకు ఆ పద్ధతి తెలియదు, సంచి మీద ఆనించడమే అలవాటు. ప్లాస్టిక్ ముందుభాగం మెత్తన కాబట్టి స్లింగ్ మరీ బిగిస్తే అది వంగి గొట్టానికి తగులుతుందని, తగిలితే గురి మారుతుందని మాత్రం హెచ్చరించాడు. మధ్యలో కాగితం ముక్క దూర్చి, స్లింగ్ బిగించి, కాగితం కదులుతుందో లేదో చూడమన్నాడు. మీరు ఎంత బిగించేవారో చెబితే అంతే బిగించి చూస్తాను. వచ్చే ఆదివారం వీడియోలో అమ్మ చీపురు కర్రకు తువ్వాలు కట్టి ఒకసారి చూపించండి. మోకాలి నొప్పి ఉంటే బోర్లా పడుకోవద్దు, కుర్చీలో కూర్చునే చూపించండి. ఆగస్టులో మళ్లీ కొండకు వెళ్లేలోపు నేర్చుకోవాలి.

అమ్మ కంటి చుక్కలు అయిపోయి ఉంటాయి, తెప్పించండి. పాప తాతగారికి ముద్దులు పంపింది.

మీ అబ్బాయి