చిన్నోడికి, కారు కింద ఎర్ర మరక గురించి

ఒరేయ్ చిన్నా,

నిన్న నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశా. రెండోసారి మీ అమ్మ పక్కన కూర్చుని ఆ మంచేంటి, వీడు ఆ పల్చటి చొక్కా ఏంటి అని మొదలెట్టింది, ఇంక సౌండ్ ఏం వినపళ్ళా, మూడోసారి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా చూలు గేదె లేవలేక మూలిగినట్టు ఆ సౌండు ఉంది చూడు, అది పవర్ స్టీరింగ్ పంపుది, స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి ఆయిల్‌ని నెట్టేది అదే, ఆయిల్ చాలక గాలి పీల్చుకుంటుంటే ఆ సౌండొస్తది. ఫోన్లో చెప్తే ఆఁ ఆఁ అంటావు, పెట్టేయగానే మర్చిపోతావు, అందుకే రాస్తున్నా, కారు దగ్గర నిలబడి చదువుకో.

2005 కరోలా, లక్షా డెబ్భై వేల మైళ్ళు తిరిగిన బండి, అందులో రబ్బరుకి వయసవదా? పైగా మీ మిస్సోరీ చలికి ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఓరింగులూ సీళ్ళూ బిర్రబిగుసుకుపోతాయి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు మూలిగి ఊరుకుంటే అది చలికి ఆయిల్ చిక్కబడటం, దాన్ని వదిలెయ్. ఇంజన్ వేడెక్కాక కూడా మూలుగుతుంటే మాత్రం ఆయిల్ తగ్గినట్టే.

అసలు కారేది ఏంటో ముందు తేల్చు. రాత్రి బండి కింద ఒక పెద్ద అట్టముక్క పరువు, నీకొచ్చే ఆ పార్సిల్ డబ్బాలు ఉంటాయిగా. నీ బండిలో స్టీరింగుకి పోసేది డెక్స్‌రాన్ ఏటీఎఫ్ అనే ఆయిల్, ఎర్రగా ఉంటది. కానీ ఎరుపు చూడగానే దొరికింది దొంగ అనుకోకు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలూ ఎరుపే, ఇంజన్‌ని చల్లబరిచే టయోటా కూలెంట్ కూడా ఎరుపో పింకో ఉంటది. వేళ్ళ మధ్య రుద్ది చూడు, నీళ్ళలా ఉంటే కూలెంట్, జిడ్డుగా ఉంటే ఆయిల్. బానెట్ ఎత్తితే స్టీరింగ్ ఆయిల్ ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బా కనపడుద్ది, దాని మీద హాట్, కోల్డ్ అని గీతలుంటాయి. రోజూ అదే టైముకి చూడు. డబ్బాలో తగ్గుతూ కింద మరక పడుతుంటే అది స్టీరింగుదే.

ఇప్పుడు ఎక్కడినుంచి అనేది. అన్నిటికన్నా కింద పడే చుక్కని చూసి మోసపోకు, ఆయిల్ ఎక్కడో పైన కారి పైపుల మీదుగా పాక్కుంటూ వచ్చి ఇంకెక్కడో పడుద్ది. మా బస్సు డిపోలో కొత్తగా చేరిన కుర్రాళ్ళందరూ చేసే తప్పు అదే, చుక్క పడినచోట సీలు మార్చేసి మళ్ళీ తెల్లారి అదే మరక చూసి బిక్కమొహం వేసేవాళ్ళు. ముందు గుడ్డ పెట్టి అంతా శుభ్రంగా తుడువు, పొడిగా అయ్యాక నీ రూమ్మేట్‌ని సీట్లో కూర్చోబెట్టి ఇంజన్ ఆన్ చేయించి స్టీరింగ్ ఇటు చివరిదాకా, అటు చివరిదాకా ఫుల్ కట్ కొట్టించు, నువ్వు టార్చి పెట్టి చూడు. ఫుల్ కట్‌లో మాత్రం నాలుగైదు సెకన్ల కన్నా పట్టుకోవద్దను, అప్పుడు ప్రెషర్ వెయ్యి పి.ఎస్.ఐ. దాటిపోద్ది (నీ టైరులో ఉండేది ముప్పై చుట్టూ). పంపు నుంచి ఆయిల్ బలంగా వెళ్ళే ప్రెషర్ పైపుకి సూది బెజ్జం పడితే ఆ చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూరిపోద్ది, కాబట్టి చేత్తో తడమొద్దు, అనుమానమున్న చోట అట్టముక్క అడ్డం పెట్టి చూడు. చెయ్యి దూరం, చొక్కా, మెళ్ళో మఫ్లర్ తిరిగే బెల్టుకి ఇంకా దూరం.

డబ్బా నుంచి పంపుకి వెళ్ళే పైపూ, వెనక్కొచ్చే రిటర్న్ పైపూ ముందు చూడు, వాటికి ఉత్త స్ప్రింగు క్లిప్పులే ఉంటాయి, క్లిప్పు వదులైతే తక్కువ డబ్బుతో బయటపడతావు, నా ఆశ కూడా అదే. తర్వాత ప్రెషర్ పైపులో ఇనుమూ రబ్బరూ కలిపి నొక్కి బిగించిన క్రింపింగ్ దగ్గర. తర్వాత పంపు పుల్లీ, అదే బెల్టు తిప్పే చక్రం, దాని వెనకాల తడి ఉందా అని, ఉంటే పంపు ఇరుసు దగ్గరుండే షాఫ్ట్ సీలు పోయినట్టు. ఆఖర్న చక్రాలని తిప్పే అడ్డ కడ్డీ, రాక్ అంటారు, దానికి చక్రాల వైపు అటూ ఇటూ ముడతల రబ్బరు తొడుగులు (బూట్లు) ఉంటాయి, నొక్కితే లోపల ఆయిల్ గలగలలాడిందా, రాక్ సీలు పోయింది. అదైతే ఎవరు ఏ రేటు చెప్పినా తలూపకుండా ముందు నాకు ఫోన్ చెయ్.

సరే, నా సంగతి కూడా చెప్తా, మీ అమ్మ ఎలాగూ చెప్పుద్ది. నీకు గుర్తుందో లేదో, మన పాత తెల్ల కారుకి ఇదే జబ్బు. డిపోలో ఇరవై ఏళ్ళు చేసిన మెకానిక్‌ని నేను, సొంత బండికి మాత్రం వారానికోసారి ఆయిల్ పోస్తూ ఆర్నెల్లు నెట్టుకొచ్చా. అన్నవరం నుంచి వస్తుంటే రావులపాలెం దగ్గర అరిచి అరిచి పంపు పోయింది. స్టీరింగ్ పూర్తిగా పట్టేయదులే, చక్రాలు తిరుగుతాయి, కానీ బండి నెమ్మదించే కొద్దీ బరువు పెరుగుద్ది. పవర్ స్టీరింగ్ లేని రోజుల్లో బస్టాండులో డ్రైవర్లు సీట్లోంచి సగం లేచి తిప్పేవాళ్ళు, నేనూ అలాగే విజయవాడ దాకా లాక్కొచ్చా, రెండ్రోజులు అన్నం ముద్ద నోటి దాకా ఎత్తలేకపోయా. రూపాయి క్లిప్పు దగ్గర కక్కుర్తిపడి పంపు మొత్తం కొన్నావు అని మీ అమ్మ ఇప్పటికీ చుట్టాల ముందు చెప్పుద్ది. నీ బండికైతే ఇంకో చిక్కు, బెల్టు ఒక్కటే, పంపు పట్టేసి బెల్టు తెగితే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరూ, ఇంజన్‌ని చల్లబరిచే వాటర్ పంపూ కూడా ఆగిపోతాయి.

లీకు తగ్గించే ఆ సీసా మందు గురించి అడిగావు. అది రబ్బరుని కాస్త ఉబ్బించుద్ది, సీలు దగ్గర సన్నగా చెమ్మ పడుతుంటే కొన్నాళ్ళు ఆగొచ్చు, పగిలిన పైపుకి ఏం పని చేయదు. ఆయిల్ మాత్రం డబ్బా మూతా, బండి పుస్తకం చూసి కొను. నీ ఫ్రెండుది హోండా అన్నావుగా, వాళ్ళకి వేరే ఆయిల్ ఉంటది, మిగిలింది వాడి బండిలో పోసేయకండి.

పైపు మార్చాక గాలి తీయడం మర్చిపోకు. ముందు చక్రాలు రెండూ జాకీ మీద ఎత్తి, స్టాండ్లు పెట్టి, ఇంజన్ ఆఫ్‌లోనే నిదానంగా ఆ చివరికీ ఈ చివరికీ ఓ పదిసార్లు తిప్పు, డబ్బాలో తగ్గినంత పోస్తూ ఉండు, నురగ పోయాకే స్టార్ట్ చెయ్. ఈలోపు బానెట్ లోంచి కాలిన వాసనో పొగో వస్తే సైలెన్సర్ వేడి మీద ఆయిల్ పడుతున్నట్టు, అది అంటుకునేదే, అక్కడికక్కడ ఆపేసి నడిచెళ్ళిపో, క్లాసు పోతే పోయింది.

ఆదివారం పొద్దున అట్టముక్క ఫోటో పెట్టు. మరక పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తియ్యి, నీ దగ్గర ఉండదు కదా, ఆ క్వార్టర్ బిళ్ళ పెట్టు, నేను ఇక్కడ సైజు చూసుకుంటా. ఆ జెర్కిన్ వేసుకుని తియ్యి, ఫోటోలో చెయ్యి కనపడితే మీ అమ్మ చూస్తది.

నాన్న