జీడి పనికెళ్లే తల్లుల బిడ్డలకు తిండి పెట్టేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఏటా సెప్టెంబరులో పోషణ మాసం జరుపుతారు. అంగన్‌వాడీల్లో ఆకుకూరలు, చోళ్లు (రాగులు), గుడ్లు బల్ల మీద పేర్చి తల్లులకు వివరిస్తారు. చెప్పేది మంచిదే. కాకపోతే మా పలాస-కాశీబుగ్గలో ఆ మాటలు వినవలసిన తల్లుల్లో చాలామంది ఆ వేళకి జీడి పరిశ్రమల్లో ఉంటారు.

6 నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు. చిక్కంతా ఆ తర్వాతే. 9 నెలల బిడ్డకు పాలతోపాటు రోజుకి 3, 4 సార్లు తిండి పెట్టాలి. పొట్ట చిన్నది, ఒక్కసారే తినలేదు. పెట్టేది చిక్కగానూ ఉండాలి. పప్పు మెదిపి నూనెచుక్క వేసిన అన్నం, చోడి జావ, ఉడికిన గుడ్డు, ఎండు నెత్తళ్ల పొడి... ఇవేవీ మనకు కొత్తవి కావు, దొరకనివీ కావు. తినిపించే మనిషే ఇంట్లో ఉండదు. కిలోల లెక్కన కూలి వచ్చే పని, పూట మానితే ఆ డబ్బు పోయినట్టే. బిడ్డ నాయనమ్మ దగ్గరో, బడికెళ్లని అక్క దగ్గరో ఉండిపోతుంది. గంజి తాగుతుంది, ఏడిస్తే బిస్కెట్ ప్యాకెట్. కడుపు నిండుతుంది, ఒళ్లు రాదు. అంగన్‌వాడీ నుంచి బాలామృతం (చిన్నపిల్లల పోషక పిండి) ఇంటికి వస్తుంది, నిజమే. వచ్చాక అందులో పెద్ద పిల్లలకూ వాటా ఉంటుంది!

30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లలకు గది ఉండాలని, 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పేది. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా తల్లికి రోజూ రెండు విరామాలు ఇమ్మని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. ఇల్లు మైలు దూరంలో ఉంటే ఆ విరామం ఆమెకి ఎందుకు? పైగా జీడిపిక్కలు కొట్టే చేతులకు అంటేది చర్మాన్ని పొక్కించే జీడినూనె. కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు కూడా అక్కడే ఉండాలి.

చిన్న యూనిట్ల వాళ్లు తమ దగ్గర అంతమంది లేరంటారు. వాళ్లని ఒక్కొక్కరినీ అడగడం దండగ. యూనిట్లు గుంపుగా ఉన్న చోట వీధికో శిశు సంరక్షణ కేంద్రం పెడితే సరిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ‘పాల్నా’ పథకంలో అంగన్‌వాడీకే దాన్ని జతచేసే వీలుంది. కలెక్టరు, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారులు, జీడి వ్యాపారులు ఒకసారి కూర్చుంటే తేలే పని. ఆయా జీతం ప్రభుత్వం భరిస్తే, గుడ్లు పాల ఖర్చులో యజమానులు చేయి వేయాలి. తలుపు మాత్రం పని మొదలయ్యే వేళకే తీయాలి, ఆఫీసు వేళకి కాదు.

– ఒక పాఠకురాలు, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా