చీటీ చివరికి తల్లి చేతికే

చి. ల. సౌ. వాసంతికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే వారం నుంచి పిల్లల ఓపీలో నిన్ను ఒక్కదాన్నే కూర్చోబెడుతున్నారని నిన్న ఫోనులో చెప్పావు. వైద్యం చదివినది నీవు. నేను ముప్ఫై ఏళ్లు మందుల కొట్టులో నిలబడి, డాక్టర్లు రాసిన చీటీలను తల్లులకు విడమరిచి చెప్పినవాణ్ణి. బల్లకు ఇవతలి వైపు నుంచి కనిపించినది నీకు రాయాలనిపించింది.

నా దగ్గరికి వచ్చిన పిల్లల చీటీల్లో చాలావాటిపై వయసు ఉండేది గాని బరువు ఉండేది కాదు. పారాసిటమాల్ మోతాదు పూటకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములని నీకు నేను చెప్పనక్కరలేదు. అయితే ఆ లెక్క సరిగ్గా కట్టి కూడా ‘5 మి.లీ.’ అని మాత్రమే రాస్తే పని సగమే అయినట్టు. ఎందుకంటే ఆ ఒక్క మందే చుక్కల సీసాలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుగానూ, సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు ఒకదానిలో 125, మరొకదానిలో 250గానూ దొరుకుతుంది. ఒకసారి పది కిలోల పిల్లవాడికి అలా రాసిన చీటీ తెచ్చిన తల్లి, ఇదే మందు చుక్కల సీసా ఇంట్లో ఉంది, మళ్లీ కొనడం ఎందుకండీ అని అడిగింది. నేను సరేనని ఉంటే ఆ బిడ్డకు ఒక్కో పూట 500 మిల్లీగ్రాములు, అంటే పట్టవలసిన దానికి మూడు రెట్లకు పైగా పట్టేది. ఆ డాక్టరుగారి లెక్కలో తప్పు లేదు. ఏ సీసాలోంచో చీటీలో లేదు, అంతే.

జలుబు మాటకు వస్తే, అది చాలావరకు వైరస్ వల్ల వచ్చేదే కనుక యాంటీబయాటిక్ అక్కరలేదని తెలిసినవారు కూడా, ఉత్త చేతులతో పంపితే తల్లి మళ్లీ రాదేమోనని రాసేవారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఏ మందూ రాయించుకోని తల్లి తిన్నగా కొట్టుకే వచ్చి, దగ్గుకు ఏదైనా ఇవ్వండి అని అడిగేది. సిగ్గుపడుతూ రాస్తున్నాను, నేనూ ఇచ్చాను. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో, డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు మందు తాగి, మూత్రపిండాలు చెడి పిల్లలు చనిపోయారని పేపర్లో చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్లలోపు వారికి దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా వాడదగినవి కావని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడే మళ్లీ హెచ్చరించింది.

కనుక నీవు మందు వద్దనుకున్నప్పుడు ఆ మాటనూ చీటీ మీదనే తెలుగులో రాయి: ‘దగ్గు మందు అక్కరలేదు, ఎగశ్వాస వచ్చినా, పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా వెంటనే తీసుకురండి’ అని. అది తల్లికీ పనికొస్తుంది, కొట్టువాడి చేతినీ ఆపుతుంది. మొదటి రోజు కాస్త ముందుగా వెళ్లి, బరువు చూసే యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందో లేదో చూసుకో.

ఇట్లు,
నాన్న