జిల్లాల లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల గురించి ఎవరు రాసినా కాంగ్రెస్‌కి 64, బీఆర్‌ఎస్‌కి 39 అని చెప్పి ఊరుకుంటున్నారు. జిల్లాలవారీగా చూస్తే కథే వేరు. ఉమ్మడి నల్గొండలో 12 సీట్లకు 11 గెలిచిన కాంగ్రెస్‌కి హైదరాబాద్ జిల్లాలోని 15లో ఒక్కటంటే ఒక్కటీ రాలేదు, అక్కడ మజ్లిస్‌కి 7, బీఆర్‌ఎస్‌కి 7, మిగిలిన గోషామహల్ బీజేపీకి. పోలింగూ అంతే, యాదాద్రి భువనగిరిలో 90 శాతం దాటితే హైదరాబాద్‌లో సగం మంది కూడా బూత్‌కి రాలేదు (సెలవు మాత్రం అందరికీ ఇచ్చారు!). ఇవేవీ రాష్ట్రం మొత్తం అంకెలో కనపడవు. పేపర్లో పేజీలకు పేజీలు నాయకుల ఫొటోలే. వచ్చే ఎన్నికలకైనా జిల్లా ఎడిషన్లో నియోజకవర్గాలవారీగా ఓట్లు, మెజారిటీ, నోటా, పోలింగ్ శాతం ఒకే పట్టికలో వేయండి, కత్తిరించి దాచుకుంటాం.

– ఒక పాఠకుడు, భువనగిరి