వార్షిక నివేదిక: ఆదివారం కుంచె తరగతుల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వనభోజనాలు, బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు చూసే ఉంటారు, జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈసారి ఎక్కువ చోటు కుంచెతో చైనీస్ అక్షరాలు రాయడం నేర్చుకున్న తరగతులకే ఇస్తున్నాను. వాటి మీద వచ్చినన్ని ప్రశ్నలు భోజనాల మీద కూడా రాలేదు మరి.

సింగపూర్‌లో మన పిల్లలు చాలామంది బడిలో రెండో భాషగా హిందీయో తమిళమో చదువుతారు. చైనా కొత్త సంవత్సరానికి ఎదురింటి గుమ్మానికి ఎర్ర కాగితాల మీద నల్లసిరా రాతలు వేలాడతాయి. ఏళ్ళ తరబడి వాటి కిందనుంచే తిరుగుతున్నాం, అవి ఎలా రాస్తారో మాత్రం తెలియదు. మా బ్లాకులో ఉండే రిటైరైన చైనీస్ టీచరు ఒకావిడ నేర్పుతానన్నారు. పిల్లలూ పెద్దలూ అందరం ఆవిణ్ణి ‘లావోషీ’ అనే పిలిచాం. మన ‘టీచరుగారూ’ అన్నట్టే.

మొదటి ఆదివారం హాలు నిండింది. తమ పేరు చైనీస్‌లో రాసి గోడకు తగిలించుకోవచ్చని వచ్చినవాళ్ళే ఎక్కువ, నాతో సహా. లావోషీ ఇచ్చింది మాత్రం ఒక్క అడ్డగీత, ‘హెంగ్’. కుడికి వెళ్ళాల్సిన ఆ గీతను ఎడమకు మొదలుపెట్టాలి. కుంచె మొనను కాస్త వెనక్కి తోసి, గీత లోపలే దాచి, నొక్కి, అప్పుడు కుడికి నడపాలి. చివర ఆగి, మళ్ళీ నొక్కి, వెనక్కి తిప్పి ఎత్తాలి. దారి పొడవునా మొన గీత నడుమనే ఉండాలి. కుడివైపు రవ్వంత పైకి లేవాలి కూడా, స్కేలు పెట్టి గీసినట్టుంటే లావోషీ పెదవి విరిచేవారు.

మన చేతులకు ఇది ఒక పట్టాన లొంగలేదు. గుండ్రంగా తిప్పుకుంటూ పోవడమే మనకు తెలుసు, ఎక్కడ ఎంత నొక్కామన్నది తెలుగు అక్షరానికి పట్టదు. ముగ్గులు వేసే అమ్మలు మాత్రం ముందు పట్టేశారు. చెయ్యి గాల్లో ఉంచి గీత నడపడం వాళ్ళకు కొత్త కాదుగా!

మూడో వారానికి సగం కుర్చీలు ఖాళీ. “సంఘం డబ్బుతో ఇన్నాళ్ళూ ఒక్క గీతేనా?” అని ఒక సభ్యులు వాట్సాప్ గ్రూపులో అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు ఇదీ: నిలువుగీతలోనే రెండు రకాలున్నాయి. చివర సన్నగా తేలిపోతే ‘వేలాడే సూది’, గుండ్రంగా ఆగితే ‘జారే మంచుబొట్టు’. ఇక చుక్క, కొక్కెం, పైకి ఎగిసే గీత, ఎడమకు వాలే పొడుగుదీ పొట్టిదీ, కుడికి వాలి అడుగున పాదంలా విచ్చుకునేదీ ఉన్నాయి. నిలువుగీత, అడ్డగీతలతో కలిపి ఈ ఎనిమిదీ ‘శాశ్వతం’ అని అర్థమున్న ‘యోంగ్’ అనే ఒక్క అక్షరంలో ఇమిడిపోయాయి. క్రీ.శ. 353లో చైనా కుంచెరాత దిట్ట వాంగ్ షీజి ఒక కవితల సంపుటికి రాసిన ప్రసిద్ధమైన లాన్‌టింగ్ ముందుమాట ఆ అక్షరంతోనే మొదలవుతుంది. మేం దాని దగ్గరికి చేరేసరికి దీపావళి వచ్చేసింది.

ఖర్చు నిజానికి తక్కువే. రెండు మూడు చొక్కాలు సిరా పాలయ్యాక నీళ్ళతో రాసే గుడ్డలు కొన్నాం. ఆరగానే రాత మాయం, పలక తుడిచినట్టే. తర్వాత ‘మి’ గడుల కాగితం. గడిలో అడ్డంగా, నిలువుగా, ఐమూలగా గీతలు కలిసి చైనీస్‌లో ‘బియ్యం’ అక్షరంలా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. బియ్యంలో అక్షరాభ్యాసం చేసినవాళ్ళం, ఆ మాట వినగానే హాలంతా నవ్వులు. చైనాలోని ఆన్హుయి రాష్ట్రపు షువాన్ కాగితం చివరి వారాలకే దాచాం. కుంచె ఒక్క క్షణం తటపటాయించినా అందులో సిరా పాకిపోతుంది.

వార్షికోత్సవంలో ఎవరి పేరూ రాసి పెట్టలేదు, ఎనిమిది గీతలే తగిలించాం. కొందరికి వెలితిగా అనిపించింది. నాకు అనిపించలేదు.

లోపం ఒకటి ఒప్పుకోవాలి. పక్క హాలు బ్యాడ్మింటన్ వేళతో మన తరగతి ఢీకొట్టింది, షటిల్‌కాక్ వచ్చి పడినప్పుడల్లా బల్ల మీద సిరా గిన్నె కదిలింది. వచ్చే ఏడాది వేళ మారుస్తున్నాం. 8వ శతాబ్దపు చైనా కుంచెరాత దిట్ట యెన్ జెన్‌ఛింగ్ అక్షరాలు చూసి రాయిస్తామని లావోషీ మాటిచ్చారు. ఆయన గీతలు బొద్దుగా ఉంటాయి, నొక్కు ఎక్కడుందో కొత్తవాళ్ళకూ కనిపిస్తుంది. కుంచెలు సంఘం ఇస్తుంది. పాత న్యూస్‌పేపర్లు మీరే తెచ్చుకోండి, తెల్లచొక్కాతో మాత్రం రావద్దు.

— కార్యదర్శి